వాపసు నీళ్ళు

రెండు వేల నాలుగు ఎండాకాలంలో, బోరులో నీళ్ళు దిగిపోతున్నాయన్న కోపంతో, రైతు భక్తవత్సలం శుక్రవారం శుక్రవారం ఖాళీ కేను పట్టుకుని పుదుచ్చేరి బస్సెక్కేవాడు. ఒర్లియంపేటలో చెల్లెలు కనకం ఇంటి ముందు దిగేవాడు. ఆ శుక్రవారమూ దిగాడు.

"ఏంది అన్నా, మళ్ళీ కేనా?"

"మరి? మీ టౌనుకి నీళ్ళు యాడివి? మా చేల పక్కన బోర్లేసి పైపుల్లో తెచ్చుకుంటిరి. నా బోరు వారం వారం దిగిపోతాంది. నా నీళ్ళు నేను తీసకపోతా."

వచ్చీ రాగానే రెండు చెంబులు తాగాడు. తలకు కూడా పోసుకున్నాడు. ఒక్క చుక్కా వదలనంటూ తడి తుండుగుడ్డను కేనులోకి పిండబోతే కనకం లాగేసుకుంది.

"ఈ తీపి చూడు! అచ్చం నా బోరు నీళ్ళే. నా నాలిక నాకు తెలీదా?"

"అయ్యో అన్నా, పైపు నీళ్ళొచ్చి నెలయింది. ఇవి లారీ నీళ్ళు."

అంతలో వీధిలో ట్యాంకర్ లారీ హారన్ మోగింది. కనకం బిందెతో, భక్తవత్సలం కేనుతో పరుగెత్తారు. డ్రైవరు ఆయన్ని చూసి చేతులు జోడించాడు.

"అయ్యా, మీరు ఈడుండారా? మీ బోరు కాడ నింపుకొని నేరుగా వస్తాండా. శుక్రవారమైతే మీ ఇంట్లో అమ్మగారే డబ్బు తీసుకొని, మోటారు వేసి నింపిస్తాది."

కేను చేతిలోనే ఉంది. పొద్దున దాన్ని శుభ్రంగా కడిగి ఇచ్చింది భార్యే.

"నిదానంగా పోట్లాడి రాండి," అంది అప్పుడు, గడపలో నిలబడి. "సాయంత్రం బస్సుకొస్తే చాలు."