రెండు ముళ్ళ వైరు

"కళ్ళు మూసుకుని పెట్టు" అన్నాడు రేడియో మెకానిక్.

"నాకేం ఖర్మ? కళ్ళున్నదాన్ని" అంది అతని భార్య. అయినా అతని మాట కాదనలేక మూసుకుంది. అరచేతిలో ఇమిడే ఆ చిన్న కంప్యూటర్ బోర్డు అంచు వెంట వేలు జరిపి, సందు దొరకగానే గోరంత మెమరీ కార్డును లోపలికి తోసింది.

"చూశావా, ఎంత తేలికో! దీనికి తెర కూడా అక్కర్లేదు. పేపరూ, పుస్తకాలూ అన్నీ పైకి చదివి వినిపిస్తుంది."

"మరి నేనెందుకిక?"

అతనికి చూపు పోయి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ పేపరు చదివేది ఆమె. రేడియో లోపలి భాగాల మీది రంగు చారలు చూసి చెప్పేది ఆమె. లేత చింతాకు పచ్చ, దానిమ్మ గింజ ఎరుపు... అతనికి మిగిలిన రంగులన్నీ ఆమె నోటి నుంచి వచ్చినవే.

"నీకూ కాస్త విశ్రాంతి ఉండాలి కదా. ఈమధ్య పేపర్లో పెద్దక్షరాలే చదివి మడిచేస్తున్నావు."

"లోపలంతా చెత్తేనండీ. పైగా ఈ గదిలో బల్బొకటి! దీనికన్నా మిణుగురు పురుగు నయం."

అతను స్పీకరు వైరుకి దారంతో ఒక ముడి, కరెంటు వైరుకి రెండు ముళ్ళు వేసి, ఒక్కొక్కటీ ఆమె వేళ్ళకి తాకించాడు.

"రెండేనా? మూడోదీ వేసేయండి, దాంతో మీ పెళ్ళయిపోతుంది. అయినా పుట్టెడు వైర్లు తడిమి పోల్చుకునే మీకు ముళ్ళెందుకు?"

"ఉండనీవోయ్. నాకు ఒంట్లో బాగోకపోతే నువ్వే కదా బిగించుకోవాలి."

"అంటే, నా పని దానికిచ్చేసి, దాని చాకిరీ నాకు అంటగడతారన్నమాట." నవ్వుతూనే అంది. "నేను చదివితే నచ్చడం లేదా మీకు?"

అతను ఆమె గొంతు వినిపించిన వైపు మొహం తిప్పాడు.

"సరే, ఇదే ఆఖరి పని. కరెంటు అందితే బోర్డు మూల ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ తర్వాత కాసేపటికి అదే మాట్లాడుతుంది. చూసి చెప్పు."

చెయ్యి చాచి గోడ మీది స్విచ్ వేశాడు. టక్కుమంది.

ఆమె బోర్డు మీదికి వంగింది.

"వెలిగిందా?"

"ఆఁ, వెలిగింది."

"ఎలా ఉంది?"

"దానిమ్మ గింజలా. ఎర్రగా, ముద్దుగా."

"బాగా కనబడుతోందా?"

"నాకు కనబడకపోతే ఇంకెవరికి కనబడుతుందండీ? మీ కళ్ళు నేనే కదా!"

అతను తడుముతూ ఆమె చేతిని వెతికి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

రెండు ముళ్ళ వైరు కొస ఇంకా అతని రెండో గుప్పిట్లోనే ఉంది.