ఏరోడ్రోముకు టాక్సీ

"విమానం కాసేపు మనకోసం నిలవదా ఆంజినప్పా?"

"నిలవదు సామీ. అదేమన్నా మన కంబదూరు బస్సా, చెయ్యెత్తితే నిలిచేకి?" డ్రైవరు నవ్వాడు. "అందిస్తా. ఊరికే కూచోండి."

శ్రీరంగప్పకు ఊరికే కూర్చునే యోగం లేదు. వేరుశనగ బేరాల మీద ఊళ్లన్నీ తిరిగి రాత్రి ఇల్లు చేరేసరికి తంతి వచ్చి ఉంది. హైదరాబాదులో ఉన్న కొడుకును ఈ సాయంత్రం లోపల చూస్తేనే చూసినట్టు. రైలెక్కితే రేపు పొద్దెక్కాక గానీ చేరడు. అప్పటికి చూడడానికి కొడుకు ఉండడు. బెంగళూరు నుంచి మధ్యాహ్నం పోయే విమానం ఒక్కటే దారి. సీటు ఉందని అక్కడి పట్టుచీరల సేటు ట్రంకాల్లో చెప్పాడు. అంతే, విమానాన్ని ఆకాశంలో తప్ప చూసి ఎరగని మనిషి, కళ్యాణదుర్గం టాక్సీని పిలిపించుకుని చీకటితోనే బయలుదేరాడు.

ఆంజినప్ప తోలడంలో మొనగాడు. పెనుకొండ దాకా అంబాసిడర్ కారును ఎక్కడా ఆపలేదు.

"ఏం జబ్బు సామీ పిల్లోనికి?"

"కడుపులో పుండు. పెద్దాసుపత్రిలో ఉండాడు. రేపు తెల్లారితే లేడంట." ఊళ్లో అందరికీ చెప్పిన మాటే శ్రీరంగప్ప ఇతనికీ చెప్పాడు.

"పేరేమి?"

"తిప్పేస్వామి."

ఆంజినప్ప అద్దంలో వెనక సీటు వైపు ఒకసారి చూసి, గేరు మార్చాడు.

"ఒక్కడేనా సామీ?"

"ఒక్కడే."

"నాకూ ఒక్కడే. గుత్తిలో ఉన్నప్పుడు ఇదో, ఈ పక్కసీట్లో కూచోని నాతోపాటే తిరుగుతాండె. మీరు గుత్తి చూసినారా?"

"లేదు. నేనెప్పుడూ పోలేదు." శ్రీరంగప్ప ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అది మాత్రం నిజమే. పోవలసిన రోజుల్లో కూడా పోలేదు. నలుగురూ చూస్తారని సిగ్గుపడి ఇంట్లోనే కూర్చున్నాడు. ఆ సిగ్గును ఇప్పుడు చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

తర్వాతి ఊరి దగ్గర ఆడవాళ్లు ఖాళీ బిందెలెత్తి కారుకు అడ్డం వచ్చారు. కరువు మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు మీద అదొక వాడుక. ఇంజిన్లో పోయడానికి కారు వెనక నీళ్ల డబ్బా పెట్టుకుంటారని చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆంజినప్ప బండి ఆపి డబ్బా దించాడు.

"ఇంజినుకు వద్దా?" అన్నాడు శ్రీరంగప్ప.

"నోరు తెరిచి నీళ్లడిగినాక లేదనేకి నోరెట్ల వస్తాది సామీ?"

అతను దోసిళ్లలో పోస్తూ పోయాడు. ఒక ముసలమ్మ తాగి, అతని తల మీద చెయ్యి పెట్టి, "నీ బిడ్డ సల్లగుండల్ల నాయనా," అంది. ఆంజినప్ప ఖాళీ డబ్బా తీసి కారు వెనక పెట్టాడు. ఆ దీవెనలో కాస్త తన కొడుక్కీ తగులుతుందేమోనని శ్రీరంగప్పకు ఆశ పుట్టింది. తాగడానికి తెచ్చుకున్న మరచెంబు తీసి, ఆ నీళ్లు కూడా తన చేత్తోనే ఓ పిల్లకు పోశాడు.

హిందూపురం దాటిన తర్వాత ఇంజిన్ పొగలు కక్కింది. ఆంజినప్ప తుమ్మచెట్టు నీడకు చేరి బీడీ ముట్టించాడు.

"సల్లబడల్ల సామీ. తొందరపడితే పగుల్తాది."

శ్రీరంగప్ప ఖాళీ డబ్బా పట్టుకుని చేలకు అడ్డంపడి పరుగెత్తాడు. కనబడిన బావిలో బురద కూడా లేదు. తిరిగొచ్చి, పంచె ఎగగట్టి, రోడ్డు మధ్యలో నిలబడి పోయే వచ్చే బండ్లకు దండాలు పెట్టాడు. వందమంది చేత దండాలు పెట్టించుకున్న వ్యాపారి! ఎంతోసేపటికి ఒక లారీవాడు జాలిపడి కాసిన్ని నీళ్లు పోశాడు.

బెంగళూరులో విమానాల కంపెనీ ఆఫీసు ముందు, ప్రయాణికులను ఏరోడ్రోముకు చేర్చే బస్సు లేదు. ఎప్పుడో పోయిందని కాపలావాడు చెప్పాడు. కారు నేరుగా ఏరోడ్రోముకు పరుగెత్తింది.

లోపల సామాన్లతోపాటు మనుషులను కూడా తూచే పెద్ద కాటా ఉంది. దాని మీద ఎవరూ లేరు. అద్దాల అవతల విమానానికి వేసిన నిచ్చెన తీసేస్తున్నారు.

"తలుపు మూసేశారండీ. మళ్లీ రేపే," అన్నాడు తెల్లచొక్కా గుమాస్తా.

"నా కొడుకయ్యా. కడసారి. ఒక్కసారి తెరిపించు, నీ కాళ్లు పట్టుకుంటా."

"కారణం రాసిన కాగితం ఏమైనా ఉందా? పెద్దాయనకు చూపించి అడుగుతాను."

శ్రీరంగప్ప చెయ్యి లోపలి జేబు మీదికి పోయింది. తంతి అక్కడే ఉంది. చుట్టూ కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు, పట్టుచీరల ఆడవాళ్లు తననే చూస్తున్నారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తీద్దామని మనసు గట్టి చేసుకునేసరికి విమానం కదిలిపోయింది.

బయట మెట్ల మీద కూలబడి ఆ ముసలివాడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాలుక పిడచగట్టుకుపోయింది. "నీళ్లు," అన్నాడు.

ఆంజినప్ప డిక్కీ తెరిచాడు. గోనెసంచి పక్కకు తోసి ఇంకో డబ్బా దించాడు. మూతదాకా నిండుగా ఉంది. మరచెంబు నింపి తెచ్చి చేతికిచ్చి, పక్కనే కూర్చున్నాడు.

శ్రీరంగప్ప చెంబు వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు.

"ఈ నీళ్లు... దారిలో కూడా ఉండెనా?"

"ఉండె సామీ. తాగండి."

"మరెందుకప్పా నాకిట్ల చేస్తివి?"

ఆంజినప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు:

"గుత్తిలో మీ తిప్పేస్వామి నా కొడుకును నరికినప్పుడు నాకూ కడసారి సూపు దక్కలేదు సామీ, రేపు తెల్లారి జైల్లో వాణ్ని ఉరేసేదాంక ఇద్దరమూ ఈడనే కూచుందాం."