ఎగిరే ఆటోలో కరెంటు కోత

“లోడు తగ్గించండి,” అన్నాడు ఎగిరే షేర్ ఆటో డ్రైవరు పైడిరాజు. వెనక సీట్లో కాసులమ్మ తన ఎండుచేపల బుట్టను వాటేసుకుంది.

“ఇవి పారెయ్యమంటావేటి?”

“బరువు కాదు పిన్నీ, కరెంటు. ఫోన్లు, టిఫిను వేడిచేసే డబ్బాలు, అన్నీ పీకేయండి.”

ఆటో అరకు మీద మబ్బులోంచి దిగుతోంది. పొగమంచు అంటారు గాని అందులో మంచి ఏమీ లేదు, కిటికీలన్నీ తెల్లగోడలే. దారి చూపేవి ముందున్న మీటర్లు. వాటికి కరెంటిచ్చే జనరేటరు ఇప్పుడే ఆగింది. విద్యుత్తు పోతే విపత్తే. దిగడానికి ఆరు నిమిషాలు కావాలి. రిజర్వు బ్యాటరీ నాలుగే చూపిస్తోంది.

అందరూ పీకేశారు. అంకె ఐదుకు పెరిగి అక్కడే నిలిచింది. ఎవరో దాచుకున్నారని ఒకరి సంచి ఒకరు వెతికారు. కాసులమ్మ మాత్రం మీటర్ల పైకి చూసింది. అక్కడ సామి పటం చుట్టూ రంగు బల్బులు గిరగిరా తిరుగుతున్నాయి.

“అదేటి నాయనా?”

“సామి దీపాలు. ఏ డ్రైవరూ ఆర్పడు పిన్నీ.”

“సామి సీకట్లో ఉండగలడు. నువ్వుండగలవా?”

పైడిరాజు చెంపలేసుకుని వైరు పీకాడు. అంకె ఏడయింది. ఒక నిమిషం మిగిలుండగా చక్రాలు నేలను తాకాయి.

అప్పుడు వెనక్కి తిరిగి అందరికీ చెప్పాడు: “మీ డబ్బాల తప్పేటీ లేదు. సామికి ఎప్పుడూ సీకటి పడకూడదని, నానే ఆ దీపాల్ని రిజర్వు బ్యాటరీకి కలిపాను.”

అందరూ పటానికి దణ్ణం పెట్టి దిగారు. వైరు మాత్రం కాసులమ్మ ఎండుచేపల బుట్టలో దిగింది.