పేరు మూసిన స్లైడు

“పేరు మీద స్టిక్కరెందుకు మేడమ్?” గాజు స్లైడును మైక్రోస్కోపు కింద పెడుతూ అడిగింది చిన్న డాక్టరు.

“పేరు కనిపిస్తే కంటికి మొహమాటం వస్తుంది. ముందు చూసి చెప్పు,” అంది పెద్ద డాక్టరు, తలుపు పక్క కుర్చీలో మోకాలి పట్టీ సర్దుకుంటూ. ఆ ల్యాబులో జబ్బేమిటో తేల్చే ఆఖరి మాట ఆవిడదే. అలాంటి మనిషి తన స్టూలు ఖాళీ చేసి ఇవ్వడం వింతగానే ఉంది.

“కేసేమిటండీ?”

“ఏడాదిగా నీళ్ల విరేచనాలు. గొట్టం వేసి చూస్తే పేగు అద్దంలా ఉందట. ఇంట్లోవాళ్లేమో అంతా నీ మనసులోనే ఉందంటున్నారు. వాళ్లలా అనగా అనగా ఆవిడకీ అనుమానం పట్టుకుంది. ఇందులోనూ ఏమీ లేదంటే ఉద్యోగం మానేస్తానని కూర్చుంది.”

“అయ్యో! పేగు బాగుంటే మరి పరీక్షకి ముక్కలెందుకు తీశారు?”

“ఆవిడే పట్టుబట్టింది. మొండిఘటంలే.” అంటూనే పెద్ద డాక్టరు లేచింది. “ఒక్క నిమిషం, ఫోనొస్తోంది.”

గబగబా బయటికి నడిచింది. ఫోను మాత్రం బల్లమీదే ఉండిపోయింది. మేడమ్ మతిమరుపుకి చిన్న డాక్టరు నవ్వుకుని స్లైడు మీదికి వంగింది.

మొదట అంతా మామూలుగానే కనిపించింది. వదిలేయబోయి, ఎందుకో ఇంకాస్త పెద్దది చేసి చూసింది. పైపొర కింద సన్నటి గీతలా ఉండాల్సిన గులాబీ పట్టీ దుప్పటి అంచులా మందంగా ఉంది. పక్క ముక్కలోనూ అంతే. ఆమె ఇక స్టూలు మీద నిలకడగా కూర్చోలేకపోయింది.

“దొరికింది మేడమ్!” పెద్ద డాక్టరు గుమ్మంలో అడుగుపెట్టగానే అరిచింది. “మైక్రోస్కోపిక్ కొలైటిస్! పెద్దపేగు వాపే, కానీ మామూలు కంటికి ఆనదు, ఇక్కడే బయటపడుతుంది. పాపం, ఆవిడ మనసుకేం కాలేదు.”

“సరిగ్గా చూశావా?”

“ఒట్టండీ! కావాలంటే మీరూ చూడండి.”

“పొద్దున్నే చూశాను. ఇంకొకళ్ల నోట వినాలనిపించింది.”

“మందులతో చాలామందికి తగ్గిపోతుంది కదండీ. కీళ్లనొప్పుల మాత్రలు కూడా కొందరికి ఇది తెచ్చిపెడతాయట, వాడుతోందేమో కనుక్కోవాలి. ఇవాళే చెప్పేద్దాం, పాపం ఎంత ఎదురుచూస్తోందో! రిపోర్టు రాసేస్తాను, ఆవిడ పేరేమిటి?”

పెద్ద డాక్టరు కుర్చీలో కూలబడి, చాన్నాళ్లకు నిండుగా ఊపిరి పీల్చుకుంది.

“నా పేరే రాయమ్మా.”