చుట్టు తిరుగుడు విమానం

"పాప గుర్తింపు కార్డు చూపించకపోతే ఎక్కనివ్వం సార్," అంది విమానాశ్రయం కౌంటర్లో అమ్మాయి.

"ఇంట్లో బయల్దేరేటప్పుడు చూశానండీ! ఈ కళ్ళతో చూశాను!"

అతను బ్యాగు నేలమీద బోర్లించాడు. గౌన్లు, రంగు పెన్సిళ్ళు, ఒంటి చెయ్యి బొమ్మ అన్నీ బయటపడ్డాయి. కార్డు మాత్రం లేదు. జేబులు మూడుసార్లు తడుముకున్నాడు. ఆఖరికి మంచినీళ్ళ సీసా మూత కూడా తిప్పి చూశాడు. కంగారులో మనిషి బుర్ర అలాగే పనిచేస్తుంది మరి. వెనక క్యూలో జనం గొణుక్కుంటున్నారు.

పక్కన అతని కూతురు ఒక కాలిమీదే బరువు ఆన్చి నిలబడి ఉంది. ఎనిమిదేళ్ళుంటాయి.

"కాలికేమైందమ్మా?" అడిగింది కౌంటర్ అమ్మాయి.

"కొత్త బూట్లండీ. కరుస్తున్నాయి," తండ్రే జవాబు చెప్పాడు.

ఇంతలో ఆ విమానానికి గేటు మూసేశారు.

"అయ్యో! మళ్ళీ నేరుగా వెళ్ళేది ఎప్పుడు?"

"రేపు రాత్రికే సార్. మూడు వేల కిలోమీటర్లు, ఇదైతే నాలుగు గంటల్లో దింపేసేది. ఇవాళ ఇంకోటి ఉందిగానీ అంతా చుట్టు తిరుగుడు. రెండు ఊళ్ళలో దిగి మారాలి. చేరేసరికి రేపు మధ్యాహ్నం అవుతుంది. దానికైనా కార్డు కావాల్సిందే."

"దాంట్లోనే ఇచ్చెయ్యండి. ఈలోగా వెతుకుతాను."

పాప తల్లికి ఫోన్ చేశాడు. ఆవిడ గొంతు పక్కవాళ్ళకి కూడా వినబడింది.

"ఇవాళ అప్పగించమని కోర్టు చెప్తే రేపంటావా? కార్డు ముక్క జాగ్రత్త చెయ్యడం చేతకాదుగానీ పిల్లని పెంచుతాడట! ఇంకోసారి ఇలా జరిగితే సెలవులకి కూడా పంపను."

"తప్పు నాదే," అన్నాడతను.

ఓ మూల కుర్చీల్లో కూర్చున్నారు ఇద్దరూ.

"అక్కడ నువ్వు కూడా ఉంటావా నాన్నా?"

"లేదమ్మా. నిన్ను అమ్మకి అప్పగించి వచ్చేస్తాను."

"మళ్ళీ ఎప్పుడు?"

"వేసవి సెలవులకి."

"అప్పటిదాకా ఒక్కడివే అన్నం తింటావా?"

"టీవీ ఉందిగా," అన్నాడు. అనేశాడేగానీ, తిరిగివెళ్ళి ఆ తాళం తీయడం తలుచుకుంటేనే అతనికి గుబులు పుట్టింది. వెధవ ఇల్లు, పలకరించే దిక్కుండదు.

పాప కిందికి చూస్తూ, వెక్కుతూ చెప్పేసింది.

"నాన్నా, కార్డు నా బూట్లో ఉంది. నేనే దాచా. నావల్లే అమ్మ నిన్ను తిట్టింది."

అతను కిందికి వంగి, కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని లేసు విప్పసాగాడు.

"తెలుసు బంగారం. పొద్దున అది జారిపోకుండా ముడి బిగించింది నేనే కదా."