చెంచా చప్పుడు

పెరట్లో కింద చేపల తొట్టి, పైన గులకరాళ్ళలో పాలకూర. మోటారు చేపల నీళ్ళను మొక్కలకు తోడుతుంది, మొక్కలు వడకట్టిన నీళ్ళు మళ్ళీ తొట్టిలోకి జారతాయి. వడ్రంగి భార్య మోజుపడి కట్టించుకున్న తొట్టి అది.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నట్టు, నీళ్ళు నింపిన రోజే చేపల్ని వదిలేశారిద్దరూ. మేత వేసే ముందు ఆమె చెంచాతో తొట్టి అంచు మీద మూడుసార్లు కొట్టేది. చేపలన్నీ ఆమె వైపే చేరేవి. వారం తిరక్కుండా అన్నీ చచ్చి తేలాయి.

"ఈసారి నెల్లాళ్ళు ఆగుదామండీ. ముందు నీళ్ళు కుదురుకోనివ్వండి," అంది.

ఆ నెల నిండకముందే ఆమే పోయింది.

గడువు నిండిన రోజున వడ్రంగి ఒక్కడే కొత్త చేపల్ని వదిలాడు. చెంచా మాత్రం ముట్టుకోలేదు.

ఈ రాత్రి కరెంటు పోయి మోటారు ఆగింది. చేపలకు ఊపిరాడదని టార్చి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం. తొట్టి అవతలి అంచు మీద, టక్. టక్. టక్.

ఆమెను ఎన్నడూ ఎరగని చేపలన్నీ అటే చేరి నోళ్ళు తెరిచాయి.

టార్చి ఆర్పేశాడు. నువ్వేనా అని అడగబోయాడు.

అంతలోనే కరెంటు వచ్చింది. మోటారు హోరులో ఇంకేమీ వినబడలేదు. చేపలు ఊపిరి పీల్చుకుని ఒక్కొక్కటే కిందికి దిగసాగాయి.

వడ్రంగి వాటినే కాసేపు చూశాడు. గోడ దగ్గరికి వెళ్ళి మోటారు ప్లగ్గు పీకేశాడు.

"ఇంకొక్కసారి కొట్టవే," అన్నాడు.