రిహార్సల్లో పోయిన గొలుసు

అమ్మ గొలుసు కొట్టేయాలని కూతురు పొద్దున్నే నిర్ణయించుకుంది.

కాలేజీ నాటకానికి డైరెక్టరు తనే. రేపే ప్రదర్శన. కొడుకు కనబడకుండా పోయిన తల్లి వేషం వేసే పొడుగు పిల్లకి గుండెలు బాదుకోవడం తప్ప ఇంకేమీ రావడం లేదు. చూసినవాళ్లు పడీ పడీ నవ్వుతున్నారు. నాటకం నవ్వులపాలైతే నాటకాల గది టేబుల్ టెన్నిస్ వాళ్లకి ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు. ఇంట్లో కూడా కూతురిది రోజూ ఇదే గోల.

తల్లి బెంగ ఎలా ఉంటుందో ఆ పిల్ల కళ్లారా చూడాలి. బెంగపడటంలో అమ్మని మించినవాళ్లు లేరు. కూతురు తుమ్మితే న్యుమోనియా అనుకునే మనిషి. దారిలో ఎవరైనా తెంపుకుపోతారని మెళ్లో గొలుసు తీసి, రుమాల్లో మూటకట్టి చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతుంది.

వేషాల చొక్కాలకి గుండీలు కుట్టాలని చెప్పి అమ్మని రిహార్సల్‌కి తీసుకెళ్లింది. మేకప్ గదిలో అమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటుంటే, వెనకనుంచి మూట తీసి ప్యాంటు జేబులో వేసుకుంది.

కాసేపటికి అమ్మ సంచి తెరిచింది. అరవలేదు, ఏడవలేదు. అదే అరలో చెయ్యి పెట్టి మళ్లీ మళ్లీ వెతికింది. "ఇక్కడే ఉంటుందిలే, మీరు కానివ్వండర్రా" అని నవ్వబోయింది. పెదవి వణికింది. పొడుగు పిల్ల గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో గొలుసు పోయిందని ఎవరో చెబితే వాచ్‌మన్ గేటుకి తాళం వేసి వచ్చాడు. "అందరి జేబులూ చూడాల్సిందేనమ్మా. ముందు ఈ డైరెక్టరమ్మ నుంచే మొదలెడతా."

కూతురు చేత్తో ప్యాంటు జేబు మూసుకుంది.

"పిల్లల జేబులు తడిమితే ఊరుకోను బాబూ," అంది అమ్మ. "పోతే పోయింది. వెళ్లి గేటు తియ్యి."

ఆ తర్వాత రిహార్సల్లో పొడుగు పిల్ల గుండెలు బాదుకోలేదు. కొడుకు చొక్కా జేబులో చెయ్యి పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది, నవ్వబోయింది. హాల్లో చప్పుడు లేదు. లైట్లు వేసేవాడు లైటు ఆర్పడం మర్చిపోయాడు.

ఇంటికి వెళ్తూ ఆటోలో కూతురు మూట తీసి అమ్మ ఒళ్లో పెట్టింది. "నాటకం కోసం నేనే తీశానమ్మా. అనవసరంగా నీ ఉసురు పోసుకున్నాను. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

అమ్మ రుమాలు విప్పి గొలుసు చూసుకుని, మళ్లీ ముడేసి సంచి అడుక్కి తోసింది.

"నువ్వు తీస్తున్నప్పుడే ఎదురుగా అద్దంలో చూశానులే," అంది. "పెదవి వణికించడం కాస్త ఎక్కువైందేమోనని అప్పట్నుంచీ నాకొకటే బెంగ."